మంచె మీది రాయి ఎంత దూరం పోతది?



పోయిన యూనిట్ టెస్టు ఫిజిక్స్ పేపర్లు ఇచ్చిన రోజు రాత్రి మన హాస్టల్ ఎట్లున్నదో మీకు యాదికే ఉంటది. అన్నం గంట కొట్టినా ఎవ్వరూ ప్లేటు పట్టుకొని లేవలేదు. అందరినీ పడగొట్టింది ఒక్కటే లెక్క. "ఒక బంతిని క్షితిజ సమాంతరానికి 30 డిగ్రీల కోణంలో 20 మీ./సె. వేగంతో విసిరారు. అది ఎంత దూరంలో నేలను తాకుతుంది?" చూడబోతే రెండు లైన్ల లెక్క. మనలో సగం మంది 80 మీటర్లు అని రాసినం. ఇంకొందరు 40 అని రాసిండ్రు. అసలు జవాబు 34.6 మీటర్లు. నేను 80 బ్యాచే, దాచుకునేది ఏముంది!

ఆ తర్వాత ఈ ప్రక్షేపకాల లెక్కల మీద నాకు పంతం పట్టింది. ఎందుకు పట్టిందో మధ్యలో చెప్తాను, దానికి వేరే కారణం ఉంది. అర్ధ సంవత్సర పరీక్షలు ముందున్నాయి కాబట్టి నాకు తెలిసినంత మన గోడపత్రికలో రాస్తున్నాను. తప్పులుంటే సార్లు ఎర్ర పెన్నుతో దిద్దవచ్చు.

మొదలు ఒక సంగతి. విసిరిన వస్తువు ఏదైనా సరే, చేతిని విడిచిన క్షణం నుండి దాని మీద పని చేసే బలం ఒక్కటే, భూమి కిందికి లాగే బలం. (గాలిని ఇప్పటికి పక్కన పెడదాం, దాని సంగతి తర్వాత.) చాలామంది రాయితో పాటు మన చేతి బలం కూడా కొంత దూరం పోతదనీ, అది అయిపోయినంక రాయి కింద పడుతదనీ అనుకుంటారు. మనమే కాదు, వెనుకటి పండితులూ అట్లే అనుకున్నారు. ఫిరంగి గుండు మొదలు నేరుగా పోయి, ఊపు తగ్గినంక కిందికి రాలుతుందని యూరపులో ఎన్నో ఏండ్లు నమ్మారు. 1638లో ఇటలీ శాస్త్రవేత్త గెలీలియో తన పుస్తకంలో దీన్ని తేల్చి చెప్పాడు. రాయి అడ్డంగా పోయేటప్పుడు దాన్ని ఆపేవాడు లేడు కాబట్టి ఒకే వేగంతో పోతుంది. నిలువుగా మాత్రం భూమి లాగుతుంది కాబట్టి వేగం మారుతుంది. రెండూ ఒకేసారి జరుగుతాయి, ఒకదాని పని ఇంకొకటి చెడగొట్టదు. ఈ రెండూ కలిస్తే వచ్చే దారే పరావలయం.

నమ్మబుద్ధి కాకపోతే నీడను చూడండి. మన నిర్మల్ సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకే మే నెల నడుమ మిట్టమధ్యాహ్నం సూర్యుడు నిజంగానే నడినెత్తి మీదికి వస్తాడు. ఆ సమయానికి ఒక రాయిని ఏటవాలుగా విసిరితే నేల మీద దాని నీడ సమానమైన వేగంతో ఉరుకుతుంది, ఎక్కడా ఆగదు, తగ్గదు. అదే పొద్దుగూకే వేళ గోడ పక్క నిలబడి, గోడకు సమాంతరంగా విసిరితే గోడ మీద పడే నీడ ఎట్లుంటది? అడ్డంగా జరుగుతూనే పైకి పోతూ పోతూ మెల్లగై, ఒక్క క్షణం ఎత్తు మారకుండా ఉండి, మళ్ళీ వేగం పెంచుకుంటూ దిగుతుంది. ఒక్కటే రాయి, రెండు కథలు.

నేను దీన్ని ఎడ్ల జోడి అని గుర్తు పెట్టుకున్నా. ఎలపటెద్దు తన అడుగులు తాను వేస్తది, దాపటెద్దు తన అడుగులు తాను వేస్తది. రెండింటినీ కలిపేది కాడి. మన లెక్కలో ఆ కాడి పేరు కాలం. అడ్డం కథలో ఎన్ని సెకన్లో నిలువు కథలోనూ అన్నే సెకన్లు. లెక్కలో వేరే ఏ రాశినీ ఇటునుండి అటు మోసుకుపోవద్దు. కాలాన్ని ఒక్కదాన్నే మోసుకుపోవాలె.

ఇప్పుడు టెస్టు లెక్కకు వద్దాం. నోటుబుక్కు పేజీ మధ్యలో నిలువుగా ఒక గీత కొట్టండి. ఎడమ వైపు 'అడ్డం' అని రాయండి, కుడి వైపు 'నిలువు' అని రాయండి. ఇచ్చిన 20 మీ./సె. అడ్డమూ కాదు, నిలువూ కాదు, ఏటవాలు వేగం. దాన్ని ముందు రెండు ముక్కలు చేయాలె. అడ్డం ముక్కకు కోసైన్, నిలువు ముక్కకు సైన్. కోసైన్ 30 అంటే 0.866, కాబట్టి అడ్డం వేగం 17.3. సైన్ 30 అంటే సగం, కాబట్టి నిలువు వేగం 10. ఈ రెండు అంకెలు చెరో పక్క రాసినంక 20ని కొట్టేయండి. నిజంగానే పెన్నుతో కొట్టేయండి! మన పేపర్లలో సగం తప్పులు ఆ 20 మళ్ళీ మళ్ళీ తలుపు తట్టి లోపలికి రావడం వల్లనే వచ్చాయి.

కుడి వైపు చూడండి. పైకి 10 మీ./సె. వేగంతో బయలుదేరింది. భూమి ప్రతి సెకనుకూ 10 తగ్గిస్తుంది (9.8 అనాలె, లెక్క సులువు కోసం 10 తీసుకుంటున్నా). అంటే ఒక్క సెకనులో నిలువు వేగం సున్నా అయ్యింది. ఎక్కడానికి ఒక సెకను, దిగడానికి ఒక సెకను, మొత్తం 2 సెకన్లు. ఈ 2ని ఎడమ పక్కకు తీసుకుపోండి. 17.3 ఇంటూ 2, 34.6 మీటర్లు. అయిపోయింది.

80 అని రాసిన మనం ఏం చేసినం? 20 మొత్తాన్నీ నిలువు వేగం అనుకొని కాలం 4 సెకన్లు అన్నం, మళ్ళీ అదే 20ని అడ్డం వేగం అనుకొని గుణించినం. ఒకే ఎద్దును కాడికి రెండు దిక్కులా కట్టినట్లు! 40 రాసినవాళ్ళు కాలం సరిగ్గానే పట్టిండ్రు, చివర్ల 17.3కు బదులు 20 వాడిండ్రు. అందుకే సారు వాళ్ళకు సగం మార్కులు వేసిండు.

ఇంకో తప్పు కూడా ఎక్కువమంది చేసినం. అన్నింటికంటే పైన ఉన్నప్పుడు బంతి వేగం ఎంత అంటే సున్నా అని రాసినం. అక్కడ సున్నా అయ్యేది నిలువు వేగం ఒక్కటే. అడ్డం వేగం 17.3 అట్లనే ఉంటది. నిజంగా మొత్తం వేగం సున్నా అయితే బంతి శిఖరం నుండి నిట్టనిలువుగా మన నెత్తి మీద పడాలె కదా. వాలీబాల్ ఎప్పుడైనా అట్ల పడ్డదా?

ఇక నా పంతం సంగతి.

మా ఊరు పెంబి వైపు అడవి అంచున. నాలుగేండ్ల కింద, నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, దసరా సెలవులకు ఇంటికి పోయిన. జొన్న కంకులు పాలు పోసుకొని గట్టిపడే రోజులు. తెల్లారకముందే చిలుకలు, పిచ్చుకలు గుంపులు గుంపులుగా వాలేవి. మంచె మీద కూర్చొని వడిసెలతో రాళ్ళు విసిరి వాటిని కొట్టే పని నాది. మా బాపు ఒక్కటే మాట చెప్పిండు. "చేను మీదికి అడ్డంగనే ఇసురు, పైకి లేపకు." అట్లనే విసిరేవాణ్ణి. ఒకరోజు చిలుకల గుంపు తలమీద నుండి పోతుంటే ఆశపడి వడిసెల పైకి లేపి విడిచిన. రాయి ఎటు పోయిందో కనబడలేదు. కొంచెం సేపటికి అవతలి చెలకల నుండి కేకలు. అక్కడ కట్టేసిన దూడ ముందుకాలు విరిగింది.

సాయంత్రం పంచాయితీ అయ్యింది. దూడ ఆసామి మాకు వరుసకు కాకా అయితడు. ఆయన అన్నది ఇదీ. "రోజూ చూస్తున్న, మంచె మీదికెళ్లి వీని రాయి నలభై అంగలు దాటదు. దూడ ఉన్నది దానికి ఎన్ని రెట్ల దూరం? వీడు మంచె దిగి, గట్టు దాటొచ్చి, కావాలనే కొట్టిండు." నేను దిగలేదని ఏడ్చిన. ఎవ్వరూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే ఆయన మాట న్యాయంగానే వినపడ్డది. నాకు జవాబు లేదు. మా బాపు రెండు బస్తాల జొన్నలు కొలిచి ఇచ్చుకున్నడు. ఆ ఏడు సంక్రాంతి దాటినంక ఇంట్లో కొనుక్కొని తిన్నం.

టెస్టు పోయిన రాత్రి ఆ మంచె యాదికొచ్చింది. అదే పేజీ మీద గీత కొట్టి లెక్క చేసిన.

మంచె ఎత్తు 3 మీటర్లు, నిలబడి ఎత్తిన చెయ్యి ఇంకో 2 మీటర్లు. రాయి నేలకు 5 మీటర్ల పైనుండి బయలుదేరుతుంది. వేగం 40 మీ./సె. అనుకున్నా, ఉత్త అంచనా.

మొదటిది, అడ్డంగా విసిరిన రాయి. అడ్డం వేగం 40, నిలువు వేగం సున్నా. 5 మీటర్లు పడడానికి ఎంత కాలం? పడిన దూరం అంటే సగం ఇంటూ 10 ఇంటూ కాలం వర్గం. కాలం 1 సెకను వస్తుంది. ఆ ఒక్క సెకనులో రాయి పోయే దూరం 40 మీటర్లు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. రాయిని ఎంత గట్టిగా విసిరినా, అడ్డంగా విసిరినంత కాలం, గాలిలో ఉండేది ఆ 1 సెకనే. చేతిలో నుండి ఊరికే జారవిడిచిన రాయి కూడా 1 సెకనుకే నేలకు తాకుతది. రెండూ ఒక్కసారే పడతాయి. వేగం పెంచితే ఆ సెకనులో ఎక్కువ దూరం పోతుంది, అంతే.

రెండోది, అదే వేగంతో పైకి లేపి విసిరిన రాయి. కోణం సుమారు 37 డిగ్రీలు తీసుకుంటే సైన్ 3/5, కోసైన్ 4/5. అడ్డం వేగం 32, నిలువు వేగం 24. ఇక్కడ మన పుస్తకంలోని వ్యాప్తి సూత్రం వాడొద్దు! ఆ సూత్రం విసిరిన చోటు, పడిన చోటు ఒకే మట్టంలో ఉంటేనే పనికొస్తుంది. మనది 5 మీటర్లు పైన మొదలై కింద ముగుస్తుంది. కాబట్టి పైకి కూడిక గుర్తు, కిందికి తీసివేత గుర్తు అనుకొని రాస్తే: −5 = 24 × కాలం − 5 × కాలం వర్గం. దీన్ని 5తో భాగించి సర్దితే: కాలం వర్గం − 4.8 × కాలం − 1 = 0. కారణాంకాలు చేస్తే కాలం 5 సెకన్లు గానీ, −0.2 సెకన్లు గానీ వస్తుంది. రుణ కాలం అంటే రాయి విసరకముందు, అది మనకు వద్దు. కాలం 5 సెకన్లు. ఎడమ పక్కకు తీసుకుపోతే 32 ఇంటూ 5, 160 మీటర్లు.

అదే చెయ్యి, అదే వడిసెల, అదే మంచె. అడ్డంగా విసిరితే 40, పైకి లేపితే 160. నాలుగు రెట్లు! రాత్రి పదకొండింటికి లైట్లు ఆర్పినంక కూడా నాకు నిద్ర రాలేదు. టార్చిలైటు వేసుకొని మళ్ళీ ఒకసారి సెకను సెకనుకూ సరిచూసిన. మొదటి సెకను చివర రాయి 24 మీటర్ల ఎత్తున, రెండో సెకనుకు 33, మూడో సెకనుకు 32, నాలుగుకు 21, ఐదుకు సున్నా. ప్రతి సెకనుకూ అడ్డంగా 32 మీటర్ల చొప్పున. బొమ్మ మీరే గీసుకోండి, ఇక్కడ జాగా చాలదు. (ఆ రాత్రి టార్చి వెలిగించింది నేనే అని వార్డెన్ సారు ఇప్పుడు చదువుతున్నారు. క్షమించాలి సార్.)

ఈ దసరా సెలవులకు పోయినప్పుడు మా బాపును తోలుకొని చేనుకు పోయిన. మంచె పాత జాగలనే ఉన్నది. అక్కడి నుండి దూడను కట్టేసిన ఇప్పచెట్టు దాకా అంగలు వేసిన. 170 అంగలు. నా అంగ ముప్పావు మీటరు, అంటే 127 మీటర్లు. లెక్క 160 అన్నది, చేను 127 అన్నది. కొంచెం దిగులైంది. కానీ 40 అన్నది నా అంచనానే కదా, ఏడో తరగతి పిల్లగాని చేతికి అంత వేగం ఎక్కువే. వెనక్కి లెక్క చేస్తే వేగం సుమారు 35 లేక 36 ఉంటే రాయి సరిగ్గా అక్కడికే పోయి పడుతుంది. ఆ వేగంతో అడ్డంగా విసిరితే 36 మీటర్లు దాటదు. కాకా చూసింది అబద్ధం కాదు. నేను చెప్పిందీ అబద్ధం కాదు.

మా బాపుకు చదువు రాదు. కాగితం తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసిండు. "అయితే నువ్వు మంచె దిగలే" అన్నడు. నేను లేదన్న. కాగితం మడిచి అంగీ జేబుల పెట్టుకున్నడు. కాకాకు చూపెట్టిండో లేదో నేను అడగలేదు.

ఇప్పుడు గాలి సంగతి. మనం చేసిన లెక్కలన్నీ గాలి లేనట్లు అనుకొని చేసినవే. రాయి చిన్నది, బరువైనది, మరీ వేగం లేనిది అయితే తేడా కొంచెమే. వేగం పెరిగిన కొద్దీ గాలి అడ్డుకోవడం బాగా పెరుగుతుంది. నిజాం సైన్యానికి ఒకప్పుడు మన నిర్మల్‌లోనే ఫిరంగులు పోత పోసేవారని అంటారు. ఊరి చుట్టూ ఉన్న కోటలు, శ్యామ్‌గఢ్ బురుజులు ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో కట్టారని చెబుతారు. ఆ బురుజు మీద నిలబడి 45 డిగ్రీల కోణంలో ఫిరంగి పేలిస్తే గుండు ఎంత దూరం పోతుంది? 200 మీ./సె. వేగం అనుకొని సూత్రం వాడితే 4000 మీటర్లు వస్తుంది. నిజంగా అంత పోదు. 1742లో బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు ఫిరంగుల మీద పుస్తకం రాసి, వేగంగా పోయే గుండును గాలి ఆపే బలం గుండు బరువుకు ఎన్నో రెట్లు ఉంటుందని చూపించాడు. దాంతో పరావలయం లెక్క ఫిరంగికి చాలదని తేలింది. మన పరీక్షకు మాత్రం చాలు, "గాలి నిరోధం ఉపేక్షించండి" అని ప్రశ్నలోనే రాసి ఉంటది.

45 డిగ్రీలకు ఎక్కువ దూరం పోతుందన్నది కూడా గుడ్డిగా పట్టుకోవద్దు. ఆ మాట 1537లోనే టార్టాగ్లియా అనే ఇటలీ ఆయన చెప్పాడు. మట్టం ఒకటే అయితే అది నిజం. పడే చోటు కిందికి ఉంటే 45 కంటే తక్కువ కోణమే మంచిది. షాట్‌పుట్ వేసే మన అన్నలు వినాలె. గుండు చేతిని విడిచేది నేలకు సుమారు 2 మీటర్ల ఎత్తున. 10 మీ./సె. వేగంతో వేసేవానికి లెక్క ప్రకారం మంచి కోణం 40 డిగ్రీలు. అసలు ఆటగాళ్ళు ఇంకా తక్కువ కోణంలోనే వేస్తారు. ఎందుకంటే చెయ్యి ముందుకు తోసినంత గట్టిగా పైకి తోయలేదు. ఈసారి ఉట్నూరు ఆటల పోటీలకు ముందు గ్రౌండులో ఎవరైనా ప్రయత్నం చేసి నాకు చెప్పండి.

చిర్రగోనె ఆడేవాళ్ళకూ ఒక ముచ్చట. ఒకే వేగంతో 30 డిగ్రీలకు కొట్టినా, 60 డిగ్రీలకు కొట్టినా చిర్ర ఒకే చోట పడుతుంది. రెండు కోణాలు కలిపితే 90 అయితే చాలు, వ్యాప్తి ఒక్కటే. 20 మీ./సె. వేగానికి రెండింటికీ 34.6 మీటర్లే. కానీ మొదటిది 2 సెకన్లలో పడుతుంది, రెండోది మూడున్నర సెకన్లు గాలిలో ఉంటది. ఆ సెకనున్నరలో అవతలివాడు కిందికి ఉరికొచ్చి పట్టేస్తడు, మీరు ఔటు. కాబట్టి తక్కువ కోణంలో కొట్టండి.

చివరగా కుంటాల జలపాతం. మొన్న విహారయాత్రకు పోయినప్పుడు కొందరు పై బండ మీద నుండి రాళ్ళు తన్నుతుంటే వార్డెన్ సారు ఎందుకంత గట్టిగా అరిచిండ్రో నాకు అప్పుడు తెలవలేదు. కడెం వాగు అక్కడ సుమారు 45 మీటర్లు కిందికి దూకుతుంది. నిజానికి మెట్లు మెట్లుగా దిగుతుంది, లెక్క కోసం నిట్టనిలువు అనుకుందాం. 45 మీటర్లు పడడానికి 3 సెకన్లు. అప్పటికి నిలువు వేగం 30 మీ./సె., అంటే గంటకు 108 కిలోమీటర్లు. కాలితో మెల్లగా 4 మీ./సె. వేగంతో తన్నిన రాయి కూడా అంచు నుండి 12 మీటర్ల దూరంలో పడుతుంది. కింద మడుగు దగ్గర జనం నిలబడి ఫోటోలు దిగేది సుమారు అక్కడనే. పైన ఉన్నవానికి వాళ్ళు కనబడరు.

మీకు రెండు లెక్కలు ఇస్తున్నాను. జవాబులు చిట్టీ మీద రాసి, గీత కొట్టి, రెండు కథలూ వేరువేరుగా చూపించి నాకు ఇవ్వండి. ఉత్త జవాబు ఒప్పుకోను.

ఒకటి: 5 మీటర్ల ఎత్తు నుండి అడ్డంగా విసిరిన రాయి 25 మీటర్ల దూరంలో ఉన్న గట్టు మీద పడాలంటే ఎంత వేగంతో విసరాలె?

రెండు: అదే ఎత్తు నుండి 12.5 మీ./సె. వేగంతో, సైన్ విలువ 3/5 ఉన్న కోణంలో పైకి విసిరితే రాయి ఎన్ని సెకన్లకు, ఎంత దూరంలో పడుతుంది? వ్యాప్తి సూత్రం వాడినవాళ్ళకు సున్నా.

జవాబులు వచ్చే సంచికలో.

— ఇంటర్ మొదటి సంవత్సరం, ఎం.పి.సి. విద్యార్థి